అమ్మ మడమ, బాపు మడమ

తొంభైల మొదట్లో నేను హైదరాబాదులో పరిశోధన చేసేదాన్ని. నా పని ఇన్వాలుక్రిన్ అనే ప్రోటీన్ మీద. చర్మం అడుగున పుట్టిన కణం పైకెక్కుతూ ముదిరేటప్పుడు దాని చుట్టూ గట్టి పెంకు కట్టేవాటిలో ఇదొకటి. దాన్ని పట్టుకోవాలంటే, దానికే అతుక్కునే యాంటీబాడీకి ఆకుపచ్చగా వెలిగే రంగు తగిలించి మైక్రోస్కోపులో చూడాలి.

బాగా ముదిరిన చర్మం తెమ్మన్నారు మా సారు. అందులో సిద్దిపేటలో మా అమ్మ మడమలను మించినవి ఎక్కడున్నాయి? ఆమె పెళ్లిళ్లకు తప్ప చెప్పులు వేసుకోదు. బ్లేడుతో గీకి సీసాలో పట్టుకొచ్చాను.

స్లైడు ధగధగా వెలిగింది. గంతేశాను. పక్కనే యాంటీబాడీ వేయని స్లైడు ఉంది, అది నల్లగా ఉండాలి. అదీ అంతే వెలిగింది.

"యాంటీబాడీ లేకుండానే వెలిగితే నీ పరీక్షను ఎవరు నమ్ముతారు? వారంలో సరిచేయకపోతే ఈ పని ఇంకొకరికి ఇస్తాను" అన్నారు సారు.

రెండేళ్ల చాకిరీ. ఏడుపొచ్చింది. సీసాలు మార్చాను, రంగు మార్చాను, మైక్రోస్కోపును నోటికొచ్చినట్టు తిట్టాను. చివరికి కొత్త చర్మం కోసం సిద్దిపేట బస్సెక్కాను.

అమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని పసుపు మెత్తుకుంటోంది.

"ఏందమ్మా గింత పసుపు?"

"మొన్న గూడ రాసుకున్న, నువ్వు జూడలే? పట్నంల పెద్ద సార్లు జూస్తరంటివి. ముత్తైదువ కాళ్లు, ఉత్తగ ఎట్ల పంపాలె?"

పుట్టినప్పటి నుంచి చూస్తున్న పసుపు, అందుకే నా కళ్లకు కనపడలేదు. మైక్రోస్కోపు వెలుతురులో అది కూడా ఆకుపచ్చగానే వెలుగుతుంది. నా చదువు తగలెయ్య!

కడిగితే పోయే పసుపు కాదది, ముప్ఫై ఏళ్లది. అందుకని బాపు మడమ గీకాను.

"మెల్లగ బిడ్డా, గది నా కాలే" అన్నాడు ఆయన పేపరు దించకుండా.

ఈసారి ఒక స్లైడు వెలిగింది, రెండోది నల్లగా ఉంది. సారు తలూపారు. పని నాకే మిగిలింది.

ఆ సంగతి ఇంటికెళ్లి చెబితే అమ్మ మొహం మాడిపోయింది. "గాయన కాళ్లు జూపెట్టినవా? కడిగి ఎన్ని దినాలైందో ఏమో! నాయి పనికి రాలేదా?"

"నీయి మందు లేకుండనే వెలిగినయమ్మా."

అమ్మ తన కాళ్లను ఒకసారి చూసుకుంది. "మరి గా ముచ్చట మీ సారుకు చెప్పినవా?"

చెప్పానన్నాను. నిజానికి ఆ రోజు నోటుబుక్కులో, కారణం అన్నచోట, 'కల్తీ' అని రాసి వచ్చాను.