దిష్టికుండా, నానిన ఇటుకలూ

ఈ రోజు పొద్దున పెరటి గోడ పైవరుస నుంచి మూడు ఇటుకలు ఊడి కరివేపాకు మొక్క మీద పడ్డాయి. కింది సిమెంటును వేలితో తాకితే విభూతిలా రాలింది. మా గోడ ముగిసే చోట మొదలయ్యే పక్కింటి గోడ మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీది నల్లకుండ సున్నపు కళ్లతో నన్నే చూస్తోంది.

పక్కిల్లు మా తోడల్లుడిది. అక్కచెల్లెళ్లు దగ్గరగా ఉండాలని పక్కపక్కనే స్థలాలు కొన్నాం. ఆయన జామచెట్టు నా చెట్టు కన్నా ముందు కాసింది. మా బోరు ఎండిన ఏడాది ఆయన బోరు సన్నగానైనా పోసింది. దేవుడు లేడని ఎన్నో సభల్లో వాదించి గెలిచాను గానీ, తోడల్లుడు లేడని అనుకోవడం ఒక్క పూట కూడా నా వల్ల కాలేదు.

పోయిన ఏడాది గాలివానకు రెండు గోడల పైవరుసలూ కూలాయి. ఆయన కొత్త ఇటుకలను తొట్టిలో నానవేశాడు. కట్టాక తడి గోనెసంచులు కప్పి పూటపూటా నీళ్లు చల్లాడు. ట్యాంకరు కోసం వీధంతా బిందెలు వరుసపెట్టే రోజులవి. మనుషులకు లేని నీళ్లు ఇటుకలకెందుకని నేను ఉపన్యాసమే ఇచ్చాను. "గిన్నెలు కడిగిన నీళ్లేలే అన్నా. ఇటికెలకేమన్నా మడి ఉండాదా," అన్నాడు. మడి మీద ఎగతాళి నా సొత్తు. దాన్నీ ఆయనే వాడుకున్నాడు. పంతం కొద్దీ నేను పొడి ఇటుకలతోనే కట్టించాను. నా భార్య మా ఇంటి గిన్నెలు కడిగిన నీళ్లను బకెట్లో తీసుకుపోయి చెల్లెలి గోడ మీద పోసి వచ్చేది. మా నీళ్లు తాగి ఆయన గోడ గట్టిపడుతుంటే నేను వసారాలో కూర్చుని చూశాను. పని ముగిశాక ఆయన కుండ కట్టాడు.

"ఎవురి కంటికి భయపడి కట్టినావప్పా ఇది?" అని అడిగాను.

"ఈ పక్క ఇంగెవురుండారన్నా," అన్నాడు నవ్వకుండా.

ఇందాక ఆయన వచ్చి రాలిన ఇటుకలు చూశాడు. "నువ్వూ ఒక కుండ కట్టుకోమని ఆ పొద్దే చెప్తి. నా గోడను అదే కాపాడతాండాది," అన్నాడు. కుండకు ఏ శక్తీ లేదని చెప్పాలంటే, గోడను నిలబెట్టింది నీళ్లని ఒప్పుకోవాలి. నా పొడి ఇటుకలు సిమెంటులోని తడినంతా పీల్చేశాయని, ఆయనే సరిగా కట్టాడని చెప్పాలి. ఆ ఘనత ఆయనకు పోవడం కన్నా కుండకు పోవడమే మేలనిపించింది. మూఢనమ్మకం ఇంత హాయిగా ఉంటుందని ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు. పెరటి వాకిట్లో నిలబడి నా భార్య నా నోటి వైపే చూస్తోంది.

"కుండ కాదప్పా, నీళ్లు. నువ్వు ఇటికెలు నానేసినావు, నేను నానెయ్యలేదు," అన్నాను. ఒక్కో మాటా పంటి కింద ఇసుకలా తగిలింది.

"అట్లంటావా," అని ఆయన కుండను ఒకసారి ప్రేమగా సర్ది వెళ్లిపోయాడు.

"ఈ తూరి నీళ్లు మన గోడకే పోస్తాలే," అంది నా భార్య.

ఇప్పుడు ఇటుకలు తొట్టిలో బుడగలు వదులుతున్నాయి. రేపు నా గోడ కొత్తదవుతుంది. ఆయన గోడ మాత్రం, నేనెంత కాలం బతికినా, నా గోడ కన్నా ఒక ఏడాది పెద్దదిగానే ఉంటుంది.