ముసలమ్మ బిళ్లలు నా సంచిలో

ముంచింగిపుట్టు అవతల కొండ ఊళ్లలో నేను నర్సుగా తిరిగే రోజుల్లో ఒక ముసలమ్మ నన్ను చావు అడిగింది. మంచినీళ్లు అడిగినంత మామూలుగా అడిగింది.

జీవితమంతా అడ్డపొగ తాగిన మనిషి. చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని తాగడం అక్కడి ఆడవాళ్లకు అలవాటు. అంగిట్లో పుండు పుట్టి ముక్కుదాకా పాకింది. పట్నం ఆసుపత్రిలో ఇక చేసేదేమీ లేదని నొప్పి బిళ్లలిచ్చి పంపేశారు. కోడలు కాఫీ తోటకు పోయాక నేను వెళ్లి పుండు కడిగేదాన్ని. ఒకరోజు దూది తీస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"అన్నీ ఒక్కపాలే ఇచ్చీ గుంటా. బేగి ఎలిపోతాను."

అలా తమంతట తాము పోయినవాళ్లకు ఆ ఊళ్లో గుర్తుగా రాయి పెట్టరు. ఊరి చివర పెద్దల రాళ్ల మధ్య ఆవిడ మొగుడి రాయి కూడా ఉంది. దాని పక్కనే తనదీ పడాలని ఎన్నిసార్లు చెప్పిందో. ఆ సంగతే గుర్తుచేశాను.

"రాయికి నొప్పెడతాదేటి?" అంది.

తప్పని ఎలా చెప్పను, రోజూ ఆ పుండు చూస్తున్నదాన్ని. నిజం చెప్పాలంటే నా భయం ఆవిడ పోతుందని కాదు, నా చేతిమీదుగా పోతుందేమోనని. ఉద్యోగం, పోలీసులు, అన్నీ కళ్లముందు తిరిగాయి. కోడలికి కబురైనా చెప్పకుండా, చూరులో ఉన్న బిళ్లల అట్ట తీసి సంచిలో వేసుకుని, పూటకొకటి నేనే తెచ్చిస్తానని వచ్చేశాను. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను.

ఆ సాయంత్రమే వాన పట్టింది. నా గదికీ ఆ ఊరికీ మధ్య గెడ్డ పొంగింది. రెండు రోజులు అవతలి ఇళ్లు కనబడుతూనే ఉన్నాయి, దాటే దారి లేదు. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మూడోనాడు నడుంలోతు నీళ్లలో దాటాను. ముసలమ్మ దుప్పటి అంచు కొరికి కొరికి పీలికలు చేసింది. తిట్టలేదు, నావైపు చూడనూలేదు. బిళ్ల మింగించి, అట్ట కోడలి చేతిలో పెట్టి, అత్త అడిగిన మాట అప్పుడు చెప్పాను. కోడలేమీ ఆశ్చర్యపోలేదు.

"నన్నూ రోజూ అడుగుతాది. అందుకే సూరులో దాసి, పూటకొకటి తీసి ఇచ్చీదాన్ని" అంది.

వారం తిరక్కుండా ముసలమ్మ పోయింది. కబురొచ్చి వెళ్లాను. ముఖం చూడలేదు, చెయ్యి ముట్టుకోలేదు. ముందు చూరులో వెతికి అట్ట తీసి బిళ్లలు లెక్కపెట్టాను. కోడలు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. లెక్క సరిపోయింది.

మొగుడి పక్కనే రాయి పెట్టారు. బిళ్లలు తక్కువై ఉంటే ఏం చేసేదాన్నని ఇప్పటికీ అనుకుంటాను. ఎవరికీ చెప్పేదాన్ని కాదు. చెప్పనని నాకు తెలిసిన దగ్గర్నుంచి, ఏ ముసలిచెయ్యి నా చెయ్యి పట్టుకున్నా ఈసారి ఇచ్చేస్తానేమోనని భయమేస్తుంది.