అమ్మ తలకిందులు గట్టిన ముండ్ల చెట్టు

మేం పోరగాండ్లమున్నప్పుడు... సూరత్‌ల మా వరుస గదుల చాలీల, పక్క గదిల రాణీబెన్ ఉండేది. కచ్ దిక్కు ఆమె. ఊరుగాని ఊర్ల మా అమ్మకు ఆమె ఒక్కతే దోస్తు. ఒకరి బాస ఒకరికి సక్కగ రాదు... అయినా పొద్దంత ముచ్చట్లే!

ఒకపాలి దివాళీ అయినంక, బిడ్డ కాన్పుకని ఊరికి పోవుకుంట ఒక నూనె డబ్బ తెచ్చి అమ్మ చేతిల పెట్టింది. అండ్ల గుండ్రంగ, పిడికిలంత ముండ్ల చెట్టు.

"మా అమ్మ ఇచ్చిన చెట్టు... నేనొచ్చేదాక జర పైలం. నీళ్లు మాత్రం పొయ్యకు" అన్నది. పోయింది.

గంతే... అమ్మకు అనుమానం షురూ!

"నీళ్లు పొయ్యొద్దనుడేందత్తా? నీళ్లడుగనిది చెట్టెట్లయితది?"

మా నాయినమ్మ అగ్గిపుల్ల తీస్కొని మట్టి గెలికి గెలికి చూసింది... ఎంటికలున్నయా, నిమ్మకాయ ఉన్నదా అని. ఏం దొరకలే.

"దొరకలేదంటే మస్తు లోపల పెట్టింది" అన్నది ముసల్ది!

అదే వారం కూరల ఉప్పు మీద అమ్మకు, బాపుకు లొల్లి. అంతకు ముందు కాలేదా అంటే... రోజు అయ్యేదే. కని ఈపాలి తప్పు చెట్టుది. బాపు మగ్గం మీద పోగు తెగినా చెట్టే, నాకు దగ్గొచ్చినా చెట్టే.

"ఖాడీల పారేస్త" అని అమ్మ డబ్బ పట్టుకొని ఎనక మురికి కాలువ దిక్కు నడిచింది... ఆగింది. "రాణి అచ్చి అడిగితే ఏం మొకం పెట్టుకొని మాట్లాడాలె?"

ఉంచుతే బయం, పారేస్తే దోస్తానం పోతది. నాయినమ్మే తొవ్వ చూపెట్టింది. మన దిక్కు దిష్టికి కలబంద గట్టినట్టు... మట్టి రాలకుంట, చెట్టు బయటికుండేటట్టు డబ్బ మూతికి గుడ్డ చుట్టి, పనికిరాని నూలుతోని దర్వాజ బయట తలకిందులు గట్టిండ్రు. "ఏదన్న ఉంటే బయటికే పోతది!"

నీళ్లా? చుక్క ముట్టియ్యలే. పోస్తే లోపలిది లేస్తదని బయం. నేను లోటా పట్టుకొని పోతే నెత్తి మీద మొట్టికాయ.

చలికాలం పోయింది... ఎండలు ముదిరినయ్. ముండ్ల నడ్మ ఎర్రగ ఏందో ఉబ్బింది. అమ్మకు నిద్ర లేదు.

గప్పుడే ఒకనాడు పొద్దుగాల రాణీబెన్ దిగింది. అమ్మ డబ్బ ఇప్పుదామని స్టూల్ దేవులాడేలోపే, ఆమె దర్వాజ ముంగట నిలవడి తల పైకెత్తి చూస్తున్నది. అమ్మ మొకం సున్నమైంది.

చెట్టుకు గులాబిరంగు పువ్వు... మెడ తిప్పుకొని ఆకాశం దిక్కు చూస్తున్నది!

"నా దగ్గర ఇన్నేండ్లల్ల ఒక్కటి పూయలే" అన్నది రాణీబెన్. "ఎండుతదని పాపమనిపించి, ఆగలేక నేనే రోజు ఇన్ని నీళ్లు పోసేదాన్ని... నువ్వేం పోసినవే?"

"ఏం పొయ్యలే!"

"నిజం చెప్పు... ఏం మంత్రమేసినవ్?"

ఇగ చూడుండ్రి... డబ్బ దించి, అగ్గిపుల్ల తీస్కొని రాణీబెన్ మట్టి గెలుకుడు మొదలువెట్టింది! అమ్మ బిత్తరపోయింది... అటెనుక నవ్వింది. ఇద్దరు గడప మీద కూలవడి, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండ్రు.

ఇప్పుడు ఇదే సూరత్‌ల, బమ్రోలి దిక్కు ఉంటున్నం; మా మనుమరాలు గసొంటిదే ఒకటి తెచ్చింది. పొద్దుగాల ఆమె పోస్తది, పగటీలి కోడలు పోస్తది, మాపటీలి నా పెండ్లాం. ప్రేమతోని ముంచి సంపుతున్నరు! నేను నూలు పట్టుకొని దర్వాజ దిక్కు చూస్తుంటే, నన్ను అనుమానంగ చూస్తున్నరు.

కని ఊరికి పోయేటప్పుడు దీన్ని ఎవల చేతిల పెడ్తం? ఎదురింటి తలుపు ఎప్పుడు మూసే ఉంటది. పక్కింటోళ్ల మీద అనుమానపడాలన్నా... ముందుగాల వాళ్ల పేరన్న తెల్వాలె గదా!

మీకు చెట్టిచ్చి పోయే పక్కింటోళ్లు ఎవలన్న ఉన్నరా? చెప్పుండ్రి జర... అబద్ధమైతే అచ్చి మట్టి గెలికి చూస్త!