రెడీమేడ్ బ్యారెల్, కుట్టించిన బ్యారెల్

ఇది రక్తం, తుపాకి మందు, ద్రోహం కలిసిన వీరగాథ. అలా మొదలుపెడితే మీరు చదువుతారని రాశాను. రక్తం దోమలు తాగినంతే. శత్రువు మూడు వందల మీటర్ల అవతల అట్ట మీద గీసిన నల్ల చుక్క.

కలకత్తాలో దిగింది ఆగస్టులో. వాన. భుజాన కిట్ బ్యాగు, చంకలో పరుపు చుట్ట, బూట్ల నిండా నీళ్లు. కొండ మీది పోస్టు నుంచి నన్ను ఆర్మీ షూటింగ్ జట్టు ట్రయల్‌కి పంపారు. నెగ్గితే రెండేళ్లు ఇక్కడే. లేకపోతే మళ్లీ అదే కొండ, అదే మంచు, తెలుగు తెలిసిన ప్రాణి లేని అదే బంకరు. అక్కడ నాతో తెలుగులో మాట్లాడింది నేనొక్కణ్నే. అదీ నిద్రలోనట.

మా బ్యారక్ ఖిదిర్‌పూర్ రేవుకి దగ్గర. మొదటి వారం ఓడల కూతలు తప్ప నన్ను పలకరించినవి లేవు. తుపాకులు భద్రపరిచే ఆర్మరీలో రైఫిల్ కోసం పేరు చెప్పినప్పుడు కౌంటర్ వెనక ఒక నెరిసిన తల లేచింది.

"ఏటి, తెలుగోడివా?"

ఆయన సివిలియన్ ఆర్మరర్. రైఫిళ్లు విప్పి బాగుచేసి బిగించే మనిషి. తాత విజయనగరం నుంచి రేవులో మూటలు మోయడానికి వచ్చాడట. ఈయన పుట్టిందే ఇక్కడ. బ్యారక్‌లో అందరికీ దాదా, అంటే బెంగాలీలో అన్న. నాకు బాబాయ్. ఆదివారాలు ఏక్‌బాల్‌పూర్‌లో వాళ్లింట్లో భోజనం. చేపల పులుసు, ఆవనూనెతో. మొదటి ముద్దకే కళ్ల నీళ్లు తిరిగాయి. ఉద్వేగం కాదు, ఆవనూనె.

ట్రయల్‌కి రెండు రైఫిళ్లు ఉన్నాయి. ఒకదానికి ఫ్యాక్టరీ బ్యారెల్, అంటే గొట్టం. రెండోదానికి పంజాబ్‌లో ఒక పనివాడి దగ్గర లోపలంతా చేత్తో సానపట్టించి తెచ్చిన బ్యారెల్. బిగించింది బాబాయే.

"ఫ్యాక్టరీది రెడీమేడ్ సొక్కారా. అందరికీ పడతాది, ఎవడికీ సరిగ్గా పట్టదు. ఇది కొలతలిచ్చి కుట్టించింది."

కోచ్ సుబేదార్‌ది హర్యానా. బాబాయ్ మాట చెబితే ఆయన హిందీలో తేల్చేశాడు. "చొక్కా కుట్టించుకున్న ప్రతివాడూ పెళ్లికొడుకు కాడు. ఏ రైఫిలో నువ్వే ఎంచుకో. తర్వాత నా దగ్గర ఏడవకు."

రెండింటితోనూ ఐదేసి గుళ్లు కాల్చాను. ఫ్యాక్టరీవి సాసరంత మేర చెదిరాయి. కుట్టించినవి మట్టి టీ కప్పు మూతి కింద దాక్కున్నాయి. కాల్చినప్పుడు బ్యారెల్ వణుకుతుంది. ప్రతిసారీ ఒకేలా వణికితేనే గుండు ఒకేచోటికి పోతుంది. అందుకే దాని ముందు భాగం కింద ఉండే రైఫిల్ కర్రకి తగలకూడదు. బాబాయ్ ఆ రెంటి మధ్య సందుని రెండు రోజులు కూర్చుని సాండ్‌పేపర్‌తో గీశాడు. నేను కుట్టించినదాన్నే ఎంచుకున్నాను.

ట్రయల్ ముందు రోజు విశ్వకర్మ పూజ. ఆ రోజు ఆ ఊళ్లో లేత్ మిషన్‌కీ దండ పడుతుంది, రిక్షాకీ పడుతుంది. ఆకాశమంతా గాలిపటాలు. ఆర్మరీలో రైఫిళ్లకి బొట్లు.

మర్నాడు రేంజ్‌లో పెట్టె తెరిస్తే నా రైఫిల్ ముందు కర్ర కింద ఎర్ర తాడు ముడి కనిపించింది. పూజలో బాబాయ్ కర్రకే కట్టాడనుకుని, పైన ఎలా చుట్టాడో చూడలేదు. నా కోసం ఎవరైనా ఏదైనా కట్టి చాలా కాలమైంది. పడుకుని గురిపెట్టాను.

టార్గెట్ల కింద గోతిలో కూర్చున్న సిపాయి రేడియోలో ఫలితాలు చెబుతున్నాడు.

"పది. ఓవర్."

"పది. ఓవర్."

బ్యారెల్ వేడెక్కింది.

"తొమ్మిది, పైన. ఓవర్."

"ఎనిమిది, పైన, ఎడమ. భాయ్, గాలిపటాల్ని కొడుతున్నావా? ఓవర్."

గురి సరిచేసే సైట్ మర తిప్పాను. తిప్పినకొద్దీ చెదిరాయి. చివరికి జట్టులోకి రావడానికి నాలుగు పాయింట్లు తక్కువ పడ్డాయి. కోచ్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "సామాను సర్దుకో" అన్నాడంతే.

ఆర్మరీలో రైఫిల్ తుడుస్తున్న బాబాయ్ చెయ్యి ఆగిపోయింది. తాడు కర్రతో పాటు బ్యారెల్‌నీ చుట్టుకుని ఉంది. మూడు చుట్లు. వేడెక్కిన బ్యారెల్‌ని కర్రకేసి అదిమి పట్టింది.

"నానేటి సేసీసినాన్రా," అన్నాడు. "నీకు మంచి జరగాలని గట్టిగా కట్టీసినాను."

"గట్టిగానే కట్టారు బాబాయ్."

"సుబేదారుకి సెప్పేస్తాను. మళ్లీ కాల్పిస్తాడు."

కాల్పించేవాడే, తప్పు ఆర్మరర్‌దని రాసి. బాబాయ్ కాంట్రాక్టు పొడిగింపు కాగితం అప్పుడు ఆ సుబేదార్ బల్ల మీదే సంతకం కోసం ఉంది.

"చెప్పకండి. గాలి నేనే సరిగ్గా చూసుకోలేదు."

"పొద్దున గాలే లేదు గదరా!"

"అందుకే కనిపించలేదు."

ఆయన సుబేదార్ గది వైపు రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆదివారం అన్నానికి రా."

"ఆదివారం రైల్లో ఉంటాను బాబాయ్."

ఇక్కడ త్యాగం అనే మాట వాడుకోవచ్చు. మళ్లీ కాల్చినా నెగ్గేవాణ్నని గ్యారంటీ లేదు కాబట్టి వాడటం లేదు. కొండ మీదికి వెళ్లాను. మిగిలిన కొలువు అక్కడే గడిచింది. నిద్రలో మాట్లాడటం మానేశానని పక్క మంచం సిపాయి సంతోషించాడు.

ఇప్పుడు ఒంగోలులో ఇంటి దగ్గరున్నాను. ఆర్మీలో ఏం చూశావని అందరూ అడుగుతారు. నాకు కనిపించేది ఒక్కటే. పూజ తాడుని కత్తితో కోయకూడదని, బాబాయ్ ఆ ముడిని వేళ్లతో విప్పుతున్నాడు. చేతులకి నూనె. గోళ్లు జారిపోతున్నాయి. వంగి పళ్లతో పట్టాడు. సాయం చేయబోతే మోచేత్తో తోసేశాడు. తల ఎత్తలేదు.

ఇక్కడి రైఫిల్ క్లబ్‌లో కుర్రాళ్లు ఏ బ్యారెల్ మంచిదని అడుగుతుంటారు. ఏదైనా సరే, వానాకాలంలో నూనె రాయకపోతే తుప్పు పడుతుందంటాను.