మద్రాసు స్కూలుకి మోసుకెళ్ళిన చందువలు

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఒకటే గొడవ. జూన్‌లో పాప మా దగ్గరే ఉంటుందా, మద్రాసులో పెద్ద స్కూలు హాస్టల్లో ఉంటుందా? గొడవ పడేది నేనొక్కదాన్నే అనుకోండి. మా ఆయన వినేవాడు. వినేవాడితో గొడవ పడటమంత కష్టం ఇంకోటి లేదు.

నేను నెల్లూరులో పళ్ళ డాక్టర్ని. మా ఆయనకి మైపాడు వైపు రొయ్యల గుంటలున్నాయి. దేనికీ వెనకా ముందూ చూసుకోవాల్సిన పరిస్థితి కాదు మాది. అలాంటి ఇంటి పిల్ల నేను చదివిన పాత మిషన్ బళ్ళోనే అయిదో తరగతి దాకా చదవడం మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి వింత. "డాక్టరమ్మా, పాప ఇంకా ఆ బళ్ళోనేనా?" అని లిఫ్టులో అడిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ ముందు నవ్వేసి, ఆ మంటంతా ఇంటికొచ్చి మా ఆయన మీద చూపించేదాన్ని.

బడి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. బల్లలు నా కాలం నాటివే. ఇంగ్లీషు టీచరు గైడు చేత్తో పట్టుకునే పాఠం చెప్పేది. లైబ్రరీ అంటే ఒక బీరువా, దానికెప్పుడూ తాళం. అక్కడ చదివే నేను డాక్టర్నయ్యాను, కాదనను. కానీ డెంటల్ కాలేజీలో మొదటి ఏడాదంతా నేను క్లాసులో మాట్లాడలేదు. జవాబు తెలిసి కూడా లేచి ఇంగ్లీషులో చెప్పడానికి భయపడి కూర్చున్నాను. అందరి నోళ్ళూ తెరిపించే చదువుకొచ్చి తను మాత్రం నోరు తెరవదని స్నేహితులు ఏడిపించేవాళ్ళు. నవ్వేదాన్ని గానీ రూముకొచ్చి ఏడ్చేదాన్ని. ఆ భయం నా కూతురికి రాకూడదు. నా పట్టుదలంతా అందుకే, లిఫ్టులో వాళ్ళ కోసం కాదు. సరే, కొంచెం వాళ్ళ కోసం కూడా.

"ఖరీదైన సీడ్ ఏస్తే పంట గ్యారంటీ అనుకునేవాళ్ళని గుంటల కాడ చానామందిని చూసినా. నువ్వూ అట్నే మాట్లాడతా ఉండావు," అన్నాడు మా ఆయన ఒకరోజు. సీడ్ అంటే గుంటలో వదిలే రొయ్య పిల్లలు.

"నా కూతురు రొయ్యపిల్ల కాదు," అన్నాను. దాంతో ఆయన స్కూలు చూసొద్దామని కారు తీయడానికి ఒప్పుకున్నాడు.

మద్రాసు బయల్దేరే రోజు పొద్దున్నే మైపాడు నుంచి మా అత్త, మా ఆయన తల్లి, ఆటోలో దిగింది. వాళ్ళది పడవలూ వలలూ ఉన్న ఇల్లు. వెంట ఒక తెల్ల థర్మోకోల్ పెట్టె.

"ఇదేంది అత్తా?"

"చందువ చేపలు. ఇప్పుడే పడవ దిగినాయి, ఇంకా ఐసు గూడా కరగలా. పిల్లని ఒకరి చేతిలో పెట్టేటప్పుడు ఉత్త చేతుల్తో పోతారామే?"

వాళ్ళ ఊళ్ళో అదొక పద్ధతి. కాన్పు చేసే డాక్టరుకైనా, చదువు చెప్పే పంతులుకైనా, మనిషిని నమ్మి అప్పగించేటప్పుడు ఆ రోజు పడిన వాటిలో మంచి చేప ముందు వాళ్ళింటికి పోవాలి. నా క్లినిక్‌కీ మొదట్లో అలాగే వచ్చేవి, కాదనకుండా తీసుకునేదాన్ని. కానీ ఆ స్కూలుకి చేపలేమిటి? పెట్టె డిక్కీలోనే ఉండిపోతుందిలే అనుకుని ఊరుకున్నాను. అత్త కూడా మాతో కారెక్కింది.

స్కూలు మాత్రం చాలా బాగుంది. ఎటు చూసినా చెట్లు. నీలంగా మెరిసే స్విమ్మింగ్ పూల్. లైబ్రరీలో పిల్లలు దిండ్ల మీద బోర్లా పడుకుని పుస్తకాలు చదువుకుంటున్నారు. నన్ను మళ్ళీ పదేళ్ళ పిల్లని చేసి ఇక్కడ వదిలేస్తే బాగుండు అనిపించింది. మాకు స్కూలంతా తిప్పి చూపించిన అమ్మాయి కూడా మర్యాదస్తురాలు. తర్వాత ప్రిన్సిపల్ తన గదిలో పాపని ఇంగ్లీషులో ఏవో అడుగుతుంటే, పాప నెమ్మదిగా చెబుతుంటే, నేను పక్కన కూర్చుని తప్పులు ఏరుకుంటున్నాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మా అత్త, చంకలో పెట్టె. వెనక, ఆమెకి తోడుగా కారు దగ్గరే ఉండిపోయిన మా ఆయన, ఆపడానికి చేతగాని మొహంతో. పెట్టె నుంచి నీళ్ళు కార్పెట్ మీద బొట్లు బొట్లుగా కారుతున్నాయి. అత్త దాన్ని తీసుకొచ్చి సరిగ్గా ప్రిన్సిపల్ ముందు బల్ల మీద పెట్టి మూత తీసింది.

"టీచరమ్మా, మా పిల్లని నీ చేతిలో పెడతా ఉండాము. నీ బిడ్డ మాదిరి చూసుకో. ఇయ్యి చందువలు, వేపుడు చేసుకుంటే బో రుచిగా ఉంటాయి."

ఏసీ గది. వాసన ఎంతసేపట్లో నిండుతుందో చెప్పక్కర్లేదు. ప్రిన్సిపల్‌కి తెలుగు రాదు. స్కూలు తిప్పి చూపించిన అమ్మాయి నా పక్కకి వంగి, తమ క్యాంపస్‌లోకి గుడ్డు కూడా రాదని, అంతా శాకాహారమేనని మెల్లగా చెప్పింది. నాకు తల కొట్టేసినట్లయింది. "సారీ, ఆమెకి తెలియదు, పల్లెటూరి మనిషి," అని ఇంగ్లీషులో గబగబా అనేశాను.

పాప నా వైపు ఒకసారి చూసింది. తర్వాత లేచి నిలబడి ప్రిన్సిపల్‌తో చెప్పడం మొదలుపెట్టింది. ఇది మా అవ్వ మీకిచ్చే లంచం కాదు. మా ఊళ్ళో పిల్లని నమ్మి ఎవరికి అప్పగిస్తే వాళ్ళకి ఇంట్లో ఉన్నవాటిలో మంచిది ఇస్తారు. మా అవ్వ దగ్గర మంచివి చేపలే. మీరు తినకపోయినా ఫరవాలేదు, ఒకసారి పెట్టె మీద చెయ్యి వెయ్యండి, అవ్వ సంతోషపడుతుంది. ఇదంతా ఇంగ్లీషులోనే. ఒక్క వాక్యం తిన్నగా లేదు. గొంతు మాత్రం వణకలేదు.

ప్రిన్సిపల్ లేచింది. పెట్టె మూత వేసి, దాని మీద రెండు చేతులూ ఆనించి, మా అత్తకి నమస్కారం పెట్టింది. అత్త మొహం వెలిగిపోయింది. సీటు ఇస్తున్నామని ప్రిన్సిపల్ అక్కడికక్కడే చెప్పింది కూడా.

నేను ఏ ధైర్యం కోసం మద్రాసు దాకా వచ్చానో అది నా పక్క కుర్చీలోనే ఉంది. ఎక్కడ నేర్చింది? బళ్ళో అయితే కాదు, ఆ టీచరూ ఆ గైడూ నాకు తెలుసు. కృష్ణపట్నం పోర్టులో పనిచేసే ఏయే రాష్ట్రాల వాళ్ళో పంటి నొప్పితో నా క్లినిక్‌కి వస్తారు. పాప సాయంత్రం బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చి, వాళ్ళ మధ్య కూర్చుని, వచ్చిన హిందీ, రాని ఇంగ్లీషు కలిపి కబుర్లు చెబుతుంది. సూదికి భయపడేవాళ్ళకి ధైర్యం చెప్పడం దాని డ్యూటీ. హాస్టల్లో ఉంటే ఆ సాయంత్రాలు ఉండవు. ఈ సంగతి నాకు అంతవరకూ తట్టనేలేదు.

అయినా తిరుగు దారిలో నా మనసు ఆ లైబ్రరీ చుట్టూనే తిరిగింది. అలాంటి చోటు దండగ అని నేను ఇప్పటికీ అనను. తల్లీ తండ్రీ ఏ రాత్రికో ఇల్లు చేరే ఇళ్ళల్లో పిల్లలకి అది వరమే. మా పైఅంతస్తు వాళ్ళబ్బాయి అక్కడే చదువుతున్నాడు, బాగున్నాడు. మరి మాకు? సీటు చేతిలో ఉంది, ఇష్టం ఉంది, ఇక అడ్డమేమిటి?

సూళ్ళూరుపేట దాటాం. ముందు సీట్లో అత్త కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. వెనక నా పక్కన పాప.

"అమ్మా," అంది. "నేను ఆ స్కూల్లో చేరితే, అవ్వ నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు నాక్కూడా నీలాగా సారీ చెప్పాలనిపిస్తుందా?"

నిష్ఠూరంగా అడగలేదు. లెక్కలో డౌటు అడిగినట్టే అడిగింది, జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ. అనిపించదు అని చెప్పడానికి నోరు తెరిచాను. అది అబద్ధమవుతుంది. ముందుకి వంగాను.

"పాప ఎక్కడికీ పోవడం లేదు. జూన్‌లో మన బడికే," అన్నాను మా ఆయనతో.

ఆయన అద్దంలో నా వైపు చూసి, "సరే," అన్నాడు. పాప కాళ్ళు రెండూ నా ఒళ్ళో వేసుకుని పడుకుంది. ఆ ఎండాకాలంలో మొదటిసారి నాకు బాగా ఆకలేసింది.