పన్నెండో సూచన

పారమట్టాలో నేను పనిచేసే ఇన్సూరెన్స్ కంపెనీ ఏటా కొన్ని ఫైర్ బ్రిగేడ్‌లకు డబ్బు సాయం చేస్తుంది. గొట్టాలు, హెల్మెట్లు, రేడియోలు కొనుక్కోవడానికి, జనానికి నిప్పు జాగ్రత్తలు నేర్పడానికి. ఆ దరఖాస్తులు చదివి, ఎవరికిస్తే బాగుంటుందో పైవాళ్ళకు చెప్పడం నా ఉద్యోగం. మంచి పనే. కాకపోతే ఇవ్వడం కంటే ఇచ్చినట్టు కనబడడం మీద మావాళ్ళకు మోజెక్కువ. తలుపంత అట్టచెక్కు ఒకటి తయారుచేయించి, ఫైరింజన్ ముందు నిలబడి ఫొటో దిగితే గాని తృప్తి ఉండదు. ఆ అట్టచెక్కును కారు వెనక సీట్లో ఇరికించుకుని వెళ్ళేది నేనే.

రెండేళ్ళ కిందట హెలెన్స్‌బర్గ్ దారిలో, అడవి అంచున ఉన్న ఒక చిన్న బ్రిగేడ్ నుంచి దరఖాస్తు వచ్చింది. అందరూ జీతం లేకుండా పనిచేసే వాలంటీర్లే. పొగలో వేడిని చూపించే కెమెరా ఒకటి కావాలన్నారు. దాంతోపాటు, ఆదివారాలు ఆ పక్కనే ఉన్న గుడికి వచ్చే మన వాళ్ళకు మన భాషల్లోనే ఇంటి నిప్పు జాగ్రత్తలు చెప్పాలని ఉందన్నారు. ఆ రెండో కోరిక చూడగానే నాకు ఛాతీ ఉప్పొంగింది. డబ్బు మంజూరైంది. తెలుగు కాగితం నేనే రాస్తానని ఎవరూ అడగకముందే చెయ్యెత్తాను.

బ్రిగేడ్ కెప్టెన్ గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఇంగ్లీషులో పన్నెండు సూచనలున్న కాగితం నా చేతికిస్తూ, "మీ ఇళ్ళలో ఏం వెలుగుతుందో నాకు తెలీదమ్మా. నీకు తెలుసు. నువ్వు రాయి" అన్నాడు.

ఆఫీసులో లంచ్ టైములో కూర్చుని రాశాను. స్మోక్ అలారానికి షవర్ క్యాప్ తొడగొద్దు అన్నది నవ్వుకుంటూ రాశాను. ఎండుమిరపకాయల పోపుకి అలారం అరుస్తుందని మన ఇళ్ళలో సగం మంది చేసే పని అదే మరి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, మూత పెట్టండి అన్నది రాశాను. ఏడో సూచన దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఇల్లు వదిలి బయటికెళ్ళే ముందు కొవ్వొత్తులు, దీపాలు అన్నీ ఆర్పేయండి.

మా అమ్మ దీపం ఆర్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆరిపోయింది అనే మాట కూడా మా ఇంట్లో వినబడేది కాదు, కొండెక్కింది అనేవాళ్ళం. నా పుట్టినరోజు కేకు మీది కొవ్వొత్తిని కూడా ఊదనిచ్చేది కాదావిడ. ఇప్పుడు నేను దేవుడి దగ్గర దీపం ఆర్పెయ్యండని అచ్చువేసి పంచాలా? నిజం చెప్పాలంటే దేవుడి కంటే గుడికొచ్చే ఆంటీలకే ఎక్కువ భయపడ్డాను. పదేళ్ళు ఈ దేశంలో ఉంటే దీపం ఆర్పమనేదాకా వచ్చిందా ఈ పిల్ల అంటారని. మనవాళ్ళకు దీపం సంగతి ఒకరు చెప్పాలా అని నాకు నేను సర్దిచెప్పుకుని ఆ ఒక్కటీ వదిలేశాను.

అచ్చయిన కాగితం తీసుకెళ్ళి కెప్టెన్‌కి చూపించాను. ఆయనకు తెలుగు అక్షరం ముక్క రాదు. అయినా కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో వరుస మీదా వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"పదకొండే ఉన్నాయేం? ఒకటి తగ్గింది."

"రెండిటిని కలిపి ఒకటిగా రాశాను" అన్నాను. కంటి రెప్ప కూడా వేయకుండా అన్నాను. ఆయన "గుడ్ ఆన్ యూ" అని మెచ్చుకుని భుజం తట్టాడు.

ఆ ఆదివారం బ్రిగేడ్ షెడ్డులో తరగతి పెట్టాం. గుడి నుంచి పులిహోర పొట్లాలతో సహా దిగారు మన వాళ్ళు. కెప్టెన్ ఇంగ్లీషులో చెప్తుంటే నేను తెలుగులో చెప్పాను. ముందు వరుసలో సామర్లకోట ఆంటీ కూర్చుంది. ఆవిడది ఆ ఊరు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. పారమట్టా దగ్గర కొడుకుతో, కోడలితో ఉంటుంది. కళ్ళజోడు పైకి తోసుకుంటూ ప్రతి మాటకీ తలూపుతోంది. చివర్లో చెయ్యెత్తింది.

"అమ్మాయ్, మరి దీపం సంగతేంటి? కార్తీకమాసం వస్తోంది కదా. సాయంత్రం దీపం పెట్టి, అలా పార్కుకెళ్ళి ఓ రౌండ్ కొట్టి వస్తాను. పర్లేదంటావా?"

వదిలేసిన సూచన తనంతట తనే లేచి నా ముందుకొచ్చి నిలబడింది. చుట్టూ ఉన్న ఆంటీలందరూ నా వంకే చూస్తున్నారు.

"కుంది కింద పెద్ద పళ్ళెం పెట్టుకోండి ఆంటీ. సరిపోతుంది" అన్నాను.

ఆవిడేం అడిగిందని కెప్టెన్ అడిగితే, నూనె గురించి అన్నాను. అలా ఒకే మనిషికి రెండోసారి అబద్ధం చెప్పాను.

కార్తీకమాసమంటే ఇక్కడ, భూమధ్యరేఖకు దిగువన, ఎండాకాలం మొదలయ్యే రోజులు. వేడిగాలి ఒకటి లేచిందంటే సాయంత్రం దాకా వదలదు. అలాంటి ఓ రోజు ఆంటీ దీపం పెట్టి, కింద స్టీలు పళ్ళెం పెట్టి, పార్కుకెళ్ళింది. పక్కనే కిటికీ తెరిచి ఉంది. గాలికి కర్టెన్ వచ్చి దీపం మీద పడింది. అలారం మోగింది. పక్కింటాయన విని ఫైరింజన్‌కి ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చేలోపలే ఆంటీ తిరిగొచ్చింది. లోపలికి పరిగెత్తి, దేవుడి పటాల మీదికి పాకుతున్న కర్టెన్‌ని రెండు చేతులతో పట్టుకుని లాగేసింది. పాలిస్టర్ కర్టెన్. కరిగి అరచేతులకు అంటుకుపోయింది.

ఆ కబురు నాకు మా వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆస్పత్రికి వెళ్దామని రెండుసార్లు కారు తీసి, రెండుసార్లూ సందు చివరి నుంచే వెనక్కి వచ్చేశాను. పిరికిదాన్ని, ఇంకో మాట వాడను.

ఇంకా ఘోరం ఆఫీసులో జరిగింది. ఆంటీ కొడుకు మా కంపెనీకి పెద్ద ఈమెయిల్ రాశాడు. అమ్మ ఆ తెలుగు కాగితం చదివి, మేం ఏడాదిగా అలారానికి తొడిగిన షవర్ క్యాప్ తీసేసింది, ఆ అలారం మోగబట్టే ఇల్లు దక్కింది, మీ సాయం మర్చిపోలేం అని. మా మేనేజర్ ఎగిరి గంతేసినంత పని చేసింది. కంపెనీ సాయాల గురించి ఏటా వేసే పుస్తకంలో ఈసారి మొదటి పేజీ ఇదే, ఆ పెద్దావిడ ఫొటో తీసుకుని నువ్వే కథ రాయి, నీ కాగితమే కదా ఇల్లు కాపాడింది అంది. నేను తలూపాను. నామీద నాకే అసహ్యం వేసింది.

అలా ఆంటీ ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. కొడుకూ కోడలూ ఆఫీసులకెళ్ళారు. డ్రెస్సింగ్ మార్పించడానికి ఆంటీని క్లినిక్‌కి నేను తీసుకెళ్తానని వాళ్ళకి ముందే చెప్పాను. తలుపు తోసుకుని వెళ్తే ఆవిడ వంటింట్లో కూర్చుని ఉంది. రెండు చేతులకూ మణికట్ల దాకా తెల్లని కట్లు. హాల్లో మూల గోడ ఇంకా నల్లగానే ఉంది. ఆ గోడకు దూరంగా వంటింటి గట్టు మీద దేవుణ్ణి పెట్టి, కోడలు వెలిగించిన దీపం వెలుగుతోంది. ఫ్రిజ్ మీద నా కాగితం, నాలుగు మూలలా నాలుగు మ్యాగ్నెట్లతో.

"చూశావా, నువ్విచ్చిన రోజే అంటించాను. అందులో ఉన్నవన్నీ చేశానమ్మాయ్. ఒక్కటీ వదల్లేదు" అంది.

ఫొటో కోసం ఫోను తీయలేకపోయాను. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. పన్నెండు సూచనలుండేవని, దీపం ఆర్పమన్నదాన్ని నేనే తీసేశానని, కెప్టెన్‌కి అబద్ధం చెప్పానని, మీరు నోరు తెరిచి అడిగినా పళ్ళెం చాలన్నానని. మీ అందరూ ఏమంటారోనని భయపడ్డానని. చెప్తూ ఏడ్చాను. ఆవిడ నన్ను ఊరుకోమనలేదు.

నా ఏడుపు ఆగాక అడిగింది. "రాసుంటే ఆర్పనని ఎలా అనుకున్నావ్?"

నేను ఫ్రిజ్ మీది కాగితం వంక చూశాను.

"ఊరెళ్ళేటప్పుడు మా అత్తగారు దణ్ణం పెట్టుకుని, పువ్వుతో వత్తిని నూనెలోకి జార్చేవారు. ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళు దీపం అలా గాలికొదిలేసి పోతారా? మీ ఇంట్లో నీకెవరూ చెప్పలేదా?"

లేదన్నాను. మా అమ్మ అలా చేసేదో లేదో నేనెప్పుడూ అడగలేదు. నాకు సగమే తెలిసిన ఆచారాన్ని కాపాడబోయి ఈవిడ చేతులు కాల్చాను.

"నాకూ అనుమానంగానే ఉండేది. అందుకే అడిగాను నిన్ను. చదువుకున్న పిల్లవి, ఆ ఫైరాయన పక్కనే నిలబడి చెప్తున్నావు. ఏం కాదులే అనుకున్నాను." గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "పెన్నుందా? రాయి."

లేచి ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, పదకొండో సూచన కింద మిగిలిన ఖాళీలో పన్నెండోది రాశాను. ఆవిడ పక్కకొచ్చి నిలబడి, పెదాలు కదుపుతూ చదివింది. గడియారం వంక చూసింది.

"క్లినిక్‌కి టైమవుతోంది. నా చేతులిలా ఉన్నాయి, నువ్వే కానియ్యి."

దేవుడి ముందు గిన్నెలో నందివర్ధనం పూలున్నాయి. ఒకటి తీసుకున్నాను. వత్తి మొదటిసారి జారలేదు. "మెల్లిగా, పైనుంచి కాదు, వెనక నుంచి లాగు" అంది ఆంటీ. లాగాను. సన్నగా పొగ లేచింది. ఆవిడ రెండు కట్ల చేతులూ దగ్గరికి చేర్చి దణ్ణం పెట్టుకుంది. తర్వాత చెప్పులు తొడుక్కోవడానికి నా భుజం మీద మోచెయ్యి ఆనించింది.