ఆ పొలం గట్టున ఏముంది?

2021 అక్టోబరు. అబుధాబి ముసఫ్ఫాలో ఒక పశుగ్రాసం కంపెనీ గోదాములో నేను క్వాలిటీ సూపర్‌వైజర్ని. గడ్డికి కూడా సూపర్‌వైజరా అని మా ధర్మవరంలో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. ఇక్కడి గుర్రాలు, పాడి ఆవులు తినే గడ్డి చాలామటుకు ఓడెక్కి వస్తుంది. అందులో మేలైనది అమెరికా నుంచి వచ్చే ఆల్ఫాల్ఫా. ఇక్కడివాళ్ళు జత్ అంటారు, మన పశువుల డాక్టర్లు లూసర్న్ అంటారు.

ఈ గడ్డి బేల్స్‌గా వస్తుంది. బేల్ అంటే మిషను బిగించి ఒత్తి కట్టిన మోపు. కంటెయినర్ తెరవగానే పొడుగాటి ఇనుప గొట్టం ఒకటి బేల్ కడుపులోకి దించి, నడిమి గడ్డిని లాగి చూస్తాం. దాన్ని కోర్ శాంపుల్ అంటారు. తేమ, రంగు, వాసన, బూజు చూసి సంతకం పెడతాం. ప్రతి బేల్ తాడుకీ ఒక చీటీ, దాని మీద లాట్ నంబరు ఉంటాయి. ఒకే పొలంలో ఒకే కోతలో వచ్చిన గడ్డంతా ఒక లాట్. ఈ పనిలో తెలుసుకోవలసింది ఇంతేనని ఆ అక్టోబరు దాకా అనుకునేవాణ్ణి.

అల్ వత్బా వైపు ఎడారిలో ఒక ఎజ్బా ఉంది. ఎజ్బా అంటే పశువుల్ని, గుర్రాల్ని ఉంచే తోట. అక్కడ గజాలా అనే ఆడగుర్రం కడుపునొప్పితో చచ్చిపోయింది. గడ్డి మాదే కాబట్టి నన్ను వెళ్ళి చూసి రమ్మన్నారు. ఇలాంటి ఫిర్యాదులు ఏడాదికి కొన్ని వస్తూనే ఉంటాయి. ఏ కష్టం వచ్చినా ముందు గడ్డి మీద, తర్వాత గడ్డి వేసినవాడి మీద పడతారు. ఈసారి వరస తిరగబడింది. ముందు పనివాడి మీదే పడ్డారు.

ఆ పనివాడు ఖాదర్ బాషా. రాయచోటి మనిషి, నలభై దాటినవాడు. గజాలా పిల్లగా ఉన్నప్పటి నుంచి దాన్ని సాకినవాడు. ఎజ్బా వ్యవహారాలు చూసే ముదీర్ నన్ను చూడగానే తేల్చేశాడు.

"ఇస్నే పానీ నహీ దియా. గడ్డి తిని నీళ్ళు లేకపోతే కడుపు కట్టేస్తుంది. ఖలాస్, ఇస్కా టికెట్ కాటో."

టికెట్ అంటే విమానం టికెట్టు. పని పోయింది, ఇంటికి పో అని. కరోనాతో ఉద్యోగాలు ఊడి, ఉన్నవాళ్ళు గుట్టుగా బతుకుతున్న రోజులు. మళ్ళీ వీసా ఇచ్చే కఫీల్ దొరకడం కలలో మాట. నాది అనంతపురం యాస అని పట్టుకున్నాక బాషా నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నీళ్ళు ఈలేదంటాండారు. బకెట్టు ఎన్ని తూర్లు మార్చినానో ఆ దేవునికే తెలుసు. మూతి నీళ్ళల్లో పెడ్తాది, అట్లా ఆడిస్తాంటాది, తాగదు. ఏం బాధో నోరు లేని జీవి ఎట్లా చెప్తాది?"

గుర్రాన్ని చూసిన డాక్టరు సుడాన్ ఆవిడ. ఆవిడ కూడా అక్కడే ఉంది. బాషా మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆవిడ రాస్తున్నది ఆపేసింది. "మూతి ఆడించిందా? తాగకుండా?" అని రెండోసారి అడిగింది. గజాలా నాలుక మీద పుండ్లు ఉన్నాయని, మూత్రంలో రక్తం పడిందని చెప్పింది. తర్వాత బాషాని చొక్కా చేతులు పైకి మడవమంది. మోచేతి లోపల వరసగా బొబ్బలు, పగిలి మానుతున్నాయి. ఎండకు వచ్చాయేమో అనుకున్నాడట.

ఆ బొబ్బలు నాకు తెలుసు. మా కంది చేలో పూత మీద ఎర్రచారల పురుగు వాలుతుంది. దాన్ని చేత్తో నలిపితే అచ్చం అలాగే పొంగుతుంది. ఆ మాటే అన్నాను. డాక్టరు తలూపింది. ఆ జాతి పురుగుని బ్లిస్టర్ బీటిల్ అంటారనీ, అమెరికాలో పూసిన ఆల్ఫాల్ఫా మీద గుంపుగా వాలుతుందనీ, కోత మిషను కింద నలిగి గడ్డిలో ఎండిపోయినా దాని విషం చావదనీ చెప్పింది. గుర్రానికి కొన్ని పురుగులు చాలట.

"అయితే ఇతని తప్పు లేదు కదా?" అన్నాను.

"అనుకోవడం వేరు, చూపించడం వేరు. గుర్రాన్ని పూడ్చేశారు. పరీక్షకి పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. పురుగు దొరికితే చెప్పండి."

దొరకలేదు. ఎజ్బాలో మిగిలిన బేల్స్‌ని తెల్లగుడ్డ మీద పొరలు పొరలుగా విప్పి దులిపాం. గడ్డి, దుమ్ము, అంతే. గజాలా తిన్న బేల్స్ అప్పటికే అయిపోయాయి. అయితే బాషా బేల్ తాళ్ళు పారెయ్యడు. గేట్లకీ బకెట్లకీ అవే కడతాడు. గజాలా బకెట్టుకి కట్టిన తాడుకి చీటీ ఇంకా వేలాడుతోంది. దాని మీది లాట్ నంబరు మా గోదాములో ఉన్న సరుకుదే.

గోదాముకి వచ్చి ఆ లాట్ నుంచి శాంపుళ్ళు లాగాను. శుభ్రంగా, పచ్చగా, కమ్మటి వాసనతో ఉన్నాయి. మా మేనేజరు విజయవాడ ఆయన. కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు.

"ఏవండీ ఓబులేసు గారూ, పురుగు దొరకలేదు కదండీ. గడ్డి బాగుందని రిపోర్టు రాసి పంపేయండి. తప్పు తమ మనిషిదని వాళ్ళే అంటుంటే మధ్యలో మనకెందుకండీ?"

ఆయన మాటలో అబద్ధం లేదు. నిజంగానే పురుగు దొరకలేదు. నేను నిజమే రాసి పంపితే బాషా విమానం ఎక్కుతాడు. రిపోర్టు సగం టైపు చేసి కూడా పంపలేకపోయాను. నాకు భయం వేసింది. అదే లాట్ ఇంకో మూడు చోట్లకి పోవలసి ఉంది. ముందు ఆ లోడింగ్ ఆపించి, గడ్డి పండించిన రైతుతో మాట్లాడతానన్నాను. "మీ ఇష్టమండీ, పేరు మాత్రం మీదే" అన్నాడు మేనేజరు.

ఆ రైతు పేరు మార్తా. అరవై దాటిన మనిషి. ఆవిడ ఉండే కౌంటీ పేరు రాయను. అమెరికా నడిమధ్యన, చదునైన గడ్డినేల. కౌంటీ అంటే మన ఏడెనిమిది మండలాలంత అనుకోండి. మాకు సాయంత్రం, ఆవిడకి పొద్దున. వీడియో కాల్‌లో సంగతి చెప్పగానే ఆవిడ ముఖం గట్టిపడింది.

"మా గడ్డిలో ఆ పురుగు ఎప్పుడూ రాలేదు. పూత రాకముందే కోసేస్తాం."

"చేలో పూత లేకపోవచ్చు మేడమ్. గట్టున ఏముంది?"

మా కందికి పురుగు చేలో పుట్టదు, గట్టు మీది పిచ్చిపూల నుంచి దిగుతుంది. అందుకే అడిగాను. గట్టు అనే మాట ఆవిడకి అర్థం చేయించడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆవిడ కౌంటీ పుట్టుక దగ్గర మొదలుపెట్టింది. నాకు లోపల చిరాకు. బాషా టికెట్టు రేపో మాపో బుక్ అవుతుంది, ఈవిడ తాతలనాటి కథలు చెబుతోంది. అయినా వినక తప్పలేదు.

నేలంతా మైలు చదరాలుగా గీసి పంచారట. రైలు వచ్చింది, పట్టాల పక్కన ఒక ఊరు లేచింది. గోధుమ పండింది. తర్వాత వానలు లేక దుమ్ము లేచిన ఏళ్ళు వచ్చాయి, జనం పోయారు. ఆఖరికి రైలూ పోయింది. అడుగునుంచి నీళ్ళు తోడే మోటార్లు వచ్చాక ఆల్ఫాల్ఫా వచ్చింది. నీళ్ళు చల్లే పొడుగాటి గొట్టం చక్రాల మీద గుండ్రంగా తిరుగుతుంది. దాన్ని పివట్ అంటారు. నేల చదరం, తడి గుండ్రం. నాలుగు మూలలూ బీడు పడతాయి. మూలల్ని తనే దున్ని శుభ్రం చేస్తుందట.

"ఒక్క ఏడో పొలం మూల తప్ప. మీ లాట్ వచ్చింది ఆ పొలం నుంచే. అది నాది కాదు. పాత ఊరి శ్మశానం. ఊరు లేదు, సమాధులు మిగిలాయి. ఆ ఊరివాళ్ళ పిల్లలు, మనవలు ఎక్కడెక్కడి నుంచో ఏటా మే నెలాఖరున వస్తారు. గడ్డి కోస్తారు, పువ్వులు పెడతారు, అక్కడే కూర్చుని భోంచేసి పోతారు."

"ఈ ఏడు వచ్చారా?"

"కరోనా కదా. పోయినేడు రాలేదు, ఈ ఏడూ రాలేదు" అంది.

ఫోను పట్టుకుని అక్కడిదాకా నడిచింది. రాళ్ళు సగానికి మునిగిపోయి ఉన్నాయి. నడుమెత్తు ఎండిన మొక్కలు, మన ముళ్ళ తోటకూర లాంటివి. జూలైలో అవి పూతమీద ఉండగా పక్కన మూడో కోత కోశానంది. ఈ ఏడు మిడతలు కూడా ఎక్కువేనంది. తర్వాత డాక్టరు చెప్పింది, ఆ పురుగు పిల్లలు మిడత గుడ్లే తిని పెరుగుతాయట.

"మీరే ఒకసారి కోయించి ఉండొచ్చు కదా?" అన్నాను. అడగకూడని మాటే.

"కోయవచ్చు. నేను కోసేస్తే వాళ్ళు ఇక రారేమో అనుకున్నాను" అంది మార్తా.

ఆ తర్వాత ఆవిడ తన నష్టం తనే చెప్పుకుంది. శ్మశానం వైపు అంచున కట్టిన బేల్స్ అన్నీ ఒకే కంటెయినర్‌లో ఎక్కించారట. ఏ కంటెయినరో చూసి చెప్పింది. దాచి ఉంటే నాకు తెలిసేది కాదు.

మర్నాడు ఆ కంటెయినర్ సరుకు విప్పాం. పురుగు గుంపుగా ఒక్కచోటే వాలుతుంది కాబట్టి వంద బేల్స్ శుభ్రంగా ఉన్నా ఒకదాంట్లో విషం ఉండొచ్చు. నా గొట్టం దిగేది ఆ ఒక్క చోటికి కాదు. మధ్యాహ్నానికి తెల్లగుడ్డ మీద చారల పురుగులు రాలాయి, చితికి, ఎండి, గడ్డిపరకల్లో కలిసిపోయి. ఫొటోలు, పురుగులు డాక్టరుకి పంపాను. మా కంపెనీ లాట్ మొత్తం కాల్పించింది. మార్తాకి ఆ ఏడు మా ఆర్డరు పోయింది. మేనేజరు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు, అదొక సుఖం.

ముదీర్ బాషాకి సారీ చెప్పలేదు. ఉండమన్నాడు, అంతే. పురుగు దొరికిన సంగతి చెప్పడానికి నేనే వెళ్ళాను. శ్మశానం కథ అంతా విన్నాక బాషాకి కోపం వస్తుందనుకున్నాను. గజాలా ఖాళీ కొట్టం వైపు చూశాడు. కళ్ళు నిండాయి.

"రెండేండ్లు గోరీలు ఎవురూ సూడలేదంటే గడ్డి మొలవదా అన్నా? మేమూ షబేబరాత్ పండగకు పోయి పీకేవాళ్ళం. మా నాయన గోరీ కాడికి నేను పోయి మూడేండ్లు. ఆ యమ్మను ఏమంటాం?"

ఆ రాత్రే తమ్ముడికి ఫోను చేసి గోరీ బాగు చేయించానని తర్వాత చెప్పాడు.

ఈ కేసు తర్వాత నా పని తీరు మారింది. ఇప్పుడు కొత్త రైతు దగ్గర గడ్డి కొనేముందు తేమ అడగను, రంగు అడగను, అవి మిషను చెబుతుంది. ఆ పొలం గట్టున ఏముంది, దాన్ని ఎవరు ఎప్పుడు బాగు చేస్తారు అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు వాళ్ళ కౌంటీ కథ మొదలుపెడతారు. అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని వింటాను.

మరుసటి ఏడు మే నెలాఖరున మార్తా ఒక ఫొటో పంపింది. సమాధుల మధ్య గడ్డి కోసే మిషన్లతో ముసలివాళ్ళు, పిల్లలు నిలబడి ఉన్నారు. ఎజ్బాకి వెళ్ళినప్పుడు బాషాకి చూపించాను. అతను మనుషుల్ని చూడలేదు. వేళ్ళతో ఫొటోని పెద్దది చేసి అంచులకి జరిపాడు, ఒక పక్క, మళ్ళీ ఇంకో పక్క.

"గట్టు దాకా కోసినార్లే" అన్నాడు. ఫోను నాకిచ్చి, బకెట్లలో నీళ్ళు మార్చడానికి పోయాడు.